వీపు వెనక ఆట

వెనక్కి తిరగకూడదు. ఆట మొత్తం మీద షాపుల బోర్డులు చేసే మేస్త్రి గుర్తుపెట్టుకోవాల్సింది అదొక్కటే. నేల మీద తెల్ల టేపు అంటించి గీసిన గడిలో, పొట్టి స్టూలు మీద, బంతులు దొర్లే వైపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా చక్రాల కుర్చీలో బావమరిది. ఇద్దరి మధ్యా మేస్త్రి సొంత చేతులతో చేసిన వాలు కాలువ; ఇంట్లో దాన్ని జారుబండ అంటారు. బావమరిది చెప్పిన ఎత్తులో మేస్త్రి బంతి పెడితే, వాడు నుదుటికి కట్టుకున్న పుల్ల కొనతో దాన్ని ఆపి పట్టుకుంటాడు. తల ఎత్తగానే బంతి జారి, నేల మీద పడి, మేస్త్రి వీపు వెనక ఎక్కడికో పోతుంది. ఎక్కడికి పోయిందో మేస్త్రికి తెలియదు. తెలియకూడదు. బోచా అనే ఈ ఆటలో తెల్ల బంతికి ఎవరి బంతులు దగ్గరగా ఆగితే వాళ్ళది గెలుపు. చేతులు లేవనివాళ్ళు ఆడేటప్పుడు పక్కన ఒక మనిషిని పెట్టుకోవచ్చు గానీ, ఆ మనిషి ఆట వైపు చూడకూడదు, సలహా ఇవ్వకూడదు, చెప్పింది చెప్పినట్టు చేయాలి. చూసేవాడే ఆడాలి, చేతులు ఆడించేవాడు చూడకూడదు. ఎవరు రాశారో గానీ ఈ నియమం, నాలాంటి ఒకణ్ణి బాగా ఎరిగినవాడే రాసి ఉంటాడు అనుకున్నాడు మేస్త్రి, అనుకోగానే మెడ వెనక ఎవరో వేడి ఇస్త్రీపెట్టె దగ్గరగా తెచ్చినట్టు అనిపించింది. హాలంతా నేలకి రాసిన పాలిష్ వాసన. పైన పంకాలు ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో భార్య కూర్చుని ఉంటుంది, చేతిలో నీళ్ళ సీసా, మూత తిప్పుతూ, తీస్తూ, మళ్ళీ బిగిస్తూ. ఆమెనీ చూడలేడు.

నాలుగు విడతల ఆటలో మొదటి విడత అయిపోయింది. విడత అయ్యాక రిఫరీ "ఇప్పుడు తిరగొచ్చు" అన్నాడు, అవతలి ఆటగాడికి సాయంగా ఉన్న తండ్రి స్టూలు కిర్రుమనిపించి తిరిగాడు, ఆయన నిట్టూర్పు కూడా వినబడింది, అంటే మనకేదో కలిసొచ్చిందన్నమాట. మేస్త్రి మాత్రం తిరగలేదు. బంతులు తుడిచే గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. బావమరిది చూశాడు. చూసి ఏమీ అనలేదు. ఈ ఆరు నెలలుగా వాడు ఏమీ అనకపోవడమే మేస్త్రికి కంట్లో నలుసైపోయింది, ఎందుకంటే వాడు ఏమీ అననివాడు కాదు. నీటి సరఫరా ఆఫీసులో చెవికి మైకు తగిలించుకుని రోజంతా జనం ఫిర్యాదులు వినడం వాడి ఉద్యోగం. గొంతు పైకి లేవదు, కండరాల జబ్బు చేతుల్నీ కాళ్ళనీ తినేసి గొంతు దాకా వచ్చింది, అయినా మైకు ముందు ఆ గొంతే చాలు. రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరినీ దింపేవాడు. "ఏమండీ, మా కుళాయిలో నీళ్ళు రావట్లేదు, గాలొస్తోంది, గాలికి కూడా బిల్లు వేస్తారా?" అని ముసలాయన గొంతుతో అంటే అక్క పొలమారి దగ్గేది. అలాంటివాడు మూడు రోజుల కిందట జారుబండ వైపు అదోలా చూసి, "మెరుపు పోయిందే బావా" అన్నాడు అంతే. "గీతలు పడ్డాయిరా, గరుకు కాగితం పెట్టి మొత్తం ఒకేలా రుద్దేశాను" అన్నాడు మేస్త్రి. "మంచిది" అన్నాడు వాడు. ఆ మాటలో ఏముందో మూడు రోజులుగా మేస్త్రి తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు, తలుపు తీసి ఉందో వేసి ఉందో తెలియని ఇంటి ముందు నిలబడ్డట్టు.

"బావా, ఎడమకి రెండు వేళ్ళు." జరిపాడు. రెండంటే రెండే. బంతి జారింది, దొర్లింది, దేన్నో తాకింది, తోలు తోలుకి తగిలిన మెత్తని చప్పుడు. వేళ్ళు. అసలు కొలత కోసం జారుబండ అడుగున స్కేలు చెక్కాడు మేస్త్రి, అరసెంటీమీటరు గీతలతో సహా, షాపుల బోర్డుల మీద అక్షరాలు చెక్కే మిషన్‌తో ఎంతో ముచ్చటగా. వాడు దాన్ని చూడనైనా చూడలేదు. "అంకెలొద్దు బావా, రోజంతా మీటర్ల అంకెలే చదివి చస్తున్నాను. నీ వేలు నాకు తెలుసు, వేళ్ళలో చెబుతాను." నీ వేలు నాకు తెలుసు. ఎన్నేళ్ళుగా తెలుసు ఆ వేలు వాడికి, అన్నం కలిపి పెట్టిన వేలు, కళ్ళజోడు ముక్కు మీద సరిచేసిన వేలు, ముక్కు దురదపెడితే అడగకుండానే గోకిన వేలు. మొదట్లో మేస్త్రికి ఈ ఆట సంగతే తెలియదు. పునరావాస కేంద్రంలో చూసొచ్చి వాడే చెప్పాడు, అక్కడ పాత వాలు ఒకటే ఉందనీ, పదిమందికి అదే గతి అనీ, పొడుగువాడికి పొట్టి, పొట్టివాడికి పొడుగు అనీ. "నీ దగ్గర ముక్కలు మిగులుతాయిగా బావా." మిగులుతాయి. ముందు నీళ్ళ పైపుని నిలువునా కోసి చేశాడు, బంతి లోపల గింజలుంటాయి కాబట్టి అది బస్తాలా కూలబడి మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత రేకు. రేకు మీద బంతి గణగణమంటూ దిగితే పక్కింటి పాప ఏడుపు లంకించుకుంది. ఆ తర్వాత అక్రిలిక్ పలకని వేడి తీగ మీద పెట్టి వంచాడు. అది కుదిరింది. కుదిరిందని గంతులేసి వాడి ముందు పెడితే, మోకాళ్ళకి తగిలింది, కుర్చీ చక్రాలకి అడ్డుపడింది. ఎందుకంటే మేస్త్రి వంటింటి కుర్చీలో తాను కూర్చుని, తన మోకాళ్ళు, తన గడ్డం కొలుచుకుని చేశాడు. అప్పుడు వాడు నవ్వుతూ అడిగాడు, "ఆడేది నువ్వా, నేనా బావా?"

ఆడేది నువ్వా, నేనా. ఆ రోజు నవ్వేశారు ఇద్దరూ. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నేల చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపిస్తుంది. ఆ మాట విన్నాకే కదా అసలైన పని మొదలైంది. ఒక్కరికి సరిపోయేది కాదు, ఎవరి కుర్చీకైనా, ఎవరి ఒంటికైనా సరిపోయేలా మార్చుకునేది చేయాలని పట్టుపట్టాడు. జారుబండ పాదాల దగ్గర నాలుగు మరలు, తిప్పితే ఎత్తు మారుతుంది. మధ్యలో కీలు, వాలు నిటారుగా కావాలంటే నిటారు, పడుకోబెట్టాలంటే పడుకుంటుంది. కాలువ మూడు ముక్కలు, ఎనిమిదేళ్ళ పిల్లకి రెండు ముక్కలు చాలు, పెద్దవాళ్ళకి మూడూ. నుదుటి పుల్లని సైకిల్ హెల్మెట్ పట్టీతో చేశాడు, తల నిలవనివాళ్ళకి నోటితో పట్టే పుల్ల వేరే చేశాడు. ప్రతి మార్పూ వాడు చెప్పిందే. కుర్చీలో కదలకుండా కూర్చుని, ఇక్కడ పావు అంగుళం, అక్కడ మర బిగువు, అని చిన్న గొంతుతో చెబుతూ ఉంటే, మేస్త్రి చేసేవాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ పనిచేయలేదు. బోర్డు మీద రెండక్షరాల మధ్య వెంట్రుకంత తేడా వస్తే మొత్తం ఊడదీసి మళ్ళీ అంటించే మనిషి, చేతి మీద గర్వం ఉన్న మనిషి, ఆ గర్వమే కొంప ముంచింది. కాదు. గర్వం అంటే ఇంకా మర్యాదగానే ఉంది. వేరే పేరుంది దానికి, అది నోటికి రావట్లేదు.

"కుడికి ఒకటి. రెండు వేళ్ళు కిందకి బావా." రెండో విడతో, మూడోదో. అతను బంతిని రెండు వేళ్ళ ఎత్తు దించాడు. జారుబండకి నలుపు రంగు వద్దని భార్య అంది. చూడ్డానికి దిగులుగా ఉంటుందంది. కళ్ళద్దాల షాపు వాళ్ళ బోర్డు చేయగా మిగిలిన నల్ల పలక, అద్దంలా నిగనిగలాడేది. "నల్లదే పెట్టు బావా, కొత్త కారులా ఉంటుంది" అన్నాడు వాడు. కారులాగే ఉంది. పక్క గోడ ఎత్తుగా, నున్నగా. ఆరు నెలల కిందట, ఈ పోటీకి జరిగిన ఎంపిక పోటీలో, ఇలాంటి హాల్లోనే, ఇలాంటి స్టూలు మీదే కూర్చుని, మూడో విడతలో బంతి తుడుస్తూ తల వంచితే, ఆ నల్ల గోడలో తన భుజం కనిపించింది, భుజం పక్కన దీపాలు, దీపాల కింద నేల, నేల మీద ఎర్ర బంతులు, నీలం బంతులు, తెల్లది. వీపు వెనక ఉన్న ఆటంతా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. చూపు తిప్పుకున్నాడు. నిజంగా తిప్పుకున్నాడు, దేనిమీదైనా ఒట్టు పెట్టగలడు, మొదటిసారి తిప్పుకున్నాడు. రెండోసారి బంతి తుడవడానికి తల వంచక తప్పలేదు. మూడోసారి తుడవాల్సినంత దుమ్ము బంతి మీద లేదు.

ఆ ఎంపిక పోటీలోనే ఆఖరి విడత, ఆఖరి బంతి. అవతల ఒక అమ్మాయి, పందొమ్మిదేళ్ళుంటాయి, తల్లి సాయంగా కూర్చుంది. ఆ అమ్మాయి బంతి తెల్లదానికి ఆనుకుని ఉంది. "కుడికి ఒక వేలు" అన్నాడు బావమరిది. మేస్త్రి నల్ల గోడలో చూశాడు. ఒక వేలు చాలదు. ఒక వేలు జరిపితే బంతి ఒరుసుకుని పోతుంది, తెల్లది కదలదు, ఓడిపోతారు, వాడి మొహం... వాడి మొహం ఎలా ఉంటుందో ముందే చూసేశాడు మేస్త్రి, ఓడిపోయాక దారంతా జోకులు వేస్తూ, ఇంటికెళ్ళాక పొద్దున్నే లేచి మళ్ళీ గాలి బిల్లులు. చెయ్యి రెండు వేళ్ళు జరిపింది. చెయ్యి జరిపింది అని ఎన్నిసార్లు అనుకున్నాడో, చెయ్యి వేరు తను వేరు అయినట్టు. జరిపాక వాడు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం మేస్త్రికి ఈరోజుకీ అర్థం కాలేదు. తర్వాత తల ఎత్తాడు. బంతి వెళ్ళి అమ్మాయి బంతిని అవతలికి నెట్టి తెల్లదాని పక్కన కూర్చుంది. హాలు హాలంతా అరిచింది. భార్య ఎలా వచ్చిందో వచ్చి తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది. మేస్త్రి కూడా ఏడ్చాడు. ఆనందంతోనే ఏడ్చాడు, అదే ఇప్పుడు అన్నిటికంటే అసహ్యంగా ఉంది. ఆ పూటంతా తప్పు చేశానన్న ఊసే లేదు లోపల. నా చేతి పనితనం అనుకున్నాడు, రెండు వేళ్ళు, సరిగ్గా రెండే.

సిగ్గు మర్నాడు మొదలైంది, అదీ పొగడ్తలతో. బోర్డులు చేయించుకునే షాపులవాళ్ళు భుజం తట్టారు. అత్తగారు ఫోన్ చేసి, "మా వాడికి నువ్వు బావవి కావు నాయనా, రెక్కలు" అంది, ఆ మాటకి అతను ఫోన్ భార్య చేతికిచ్చి వెళ్ళి పళ్ళు తోముకున్నాడు, సాయంకాలం నాలుగింటికి. పునరావాస కేంద్రం వాళ్ళు ఫొటో తీసి గోడకి పెట్టారు, జారుబండలు ఇంకా కావాలన్నారు. ఇప్పుడవి ఇరవై ఇళ్ళలో ఉన్నాయి. గెలిచిన జారుబండ కాబట్టి అడిగారు. ఇరవై ఇళ్ళలో పిల్లలు, పెద్దలు, నుదుటి పుల్లలతో, నోటి పుల్లలతో బంతులు వదులుతుంటే అది మంచిపనే కదా అని తనకి తాను ఎన్నిసార్లు నచ్చజెప్పుకున్నాడో. మంచిపనే. ఆ మంచిపని గోడకి ఆనుకుని దాక్కున్నది ఎవరో అతనికి తెలుసు. ఓడిపోయిన అమ్మాయి తల్లి కూడా వచ్చింది షాపుకి. "అన్నయ్యగారూ, మా అమ్మాయికి కూడా అలాంటిదే చేసిపెట్టండి. మీ బంతి అంత నిక్కచ్చిగా ఎలా వెళ్ళిందో చూసి మతిపోయింది మాకు." కొలతలకి వాళ్ళింటికి వెళ్ళాడు. ఆ అమ్మాయి కిటికీ పక్కన కుర్చీలో ఉంది, మోకాలి ఎత్తు కొలవడానికి నేల మీద కూర్చున్నాడు. "అంకుల్, ఆ ఆఖరి బంతి నా లెక్క ప్రకారం ఒరుసుకుని పోవాలి. పది రాత్రులు బొమ్మలేసి చూసుకున్నాను. నా లెక్క ఎక్కడో తప్పింది. ఎక్కడ తప్పిందో మీకేమైనా తెలుసా?" టేపు చేతిలోంచి జారి గిర్రున చుట్టుకుపోయింది. "నాకు కనిపించదు కదమ్మా, వీపు పెట్టి కూర్చుంటాను" అన్నాడు. అన్నాడా మాట. అబద్ధం చెప్పేటప్పుడు కూడా నియమాన్నే వాడుకున్నాడు. ఆ అమ్మాయి జారుబండకి తెల్ల పలక వేశాడు, మెరుపు లేనిది, మరలు ఒక్కొక్కటీ రెండుసార్లు చూసి బిగించాడు, ఇంకెవరికీ అంత బాగా చేయలేదు. దానివల్ల ఏమీ తగ్గలేదు. ఈరోజు ఈ హాల్లో ఈ గడిలో ఉండాల్సింది ఆ తల్లీ కూతుళ్ళు.

"ఆఖరి విడత" అని రిఫరీ అన్నాడు. అంతకుముందు తిరగొచ్చన్నప్పుడు కూడా మేస్త్రి తిరగలేదు. గరుకు కాగితంతో రుద్దిన గోడ బూడిద రంగులో చచ్చిన చేప కన్నులా ఉంది, అందులో ఏమీ లేదు, హాయి. మూడో బంతికి బావమరిది ఏదో చెప్పాడు, పంకాల మోతలో సరిగా వినబడక మేస్త్రి తల ఎత్తి వాడి పెదాల వైపు చూశాడు. పెదాల పైన ముక్కు, ముక్కు మీద కళ్ళజోడు. కళ్ళజోడు అద్దాల్లో, రెండు అద్దాల్లోనూ, చిన్న చిన్నగా, దీపాల కింద నేల, ఎరుపు, నీలం, తెలుపు. రెప్పపాటు చాలదు దించుకోవడానికి, చూపు ముందే చదివేస్తుంది, అక్షరాలు చెక్కేవాడి చూపు. మన నీలం బంతి ఒకటి దగ్గరగా ఉందని తెలిసిపోయింది. తెలుసుకోకూడదని అంత కష్టపడితే తెలిసిపోయింది. అప్పుడు అర్థమైంది అతనికి, జారుబండని రుద్దినంత మాత్రాన ఏమీ కాలేదని. దేన్ని రుద్దుతావు? వాడి కళ్ళద్దాల్ని రుద్దుతావా? స్టీలు చక్రాల్ని? కిటికీల్ని? లోకంలో నున్నటివన్నీ రుద్దుకుంటూ పోతావా? ఇన్నాళ్ళూ వెతికిన పేరు కూడా అప్పుడే దొరికింది, గర్వం కాదు. నమ్మకం లేకపోవడం. వాడు గెలుస్తాడని తను ఒక్కనాడూ నమ్మలేదు. నాలుగు మరలు పెట్టాడు, కీలు పెట్టాడు, ఎవరి ఒంటికైనా సరిపోయేలా అన్నీ మార్చాడు, తనలో మాత్రం ఏమీ మారలేదు. వాడు ఆడటానికే ఇదంతా అని ఊరంతా చెప్పుకుంటూ, తీరా ఆడాల్సిన క్షణం వస్తే వాణ్ణి పక్కకి జరిపి తనే ఆడాడు, రెండు వేళ్ళతో. పసివాడి చేతిలోంచి ముద్ద లాక్కుని తానే కలిపి పెట్టినట్టు. వాడికి ఇరవయ్యెనిమిదేళ్ళు.

కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే బంతి తీసుకున్నాడు, తడిమి కాలువలో పెట్టాడు. "ఎడమకి ఒకటి." వేలు అడ్డంపెట్టి కొలిచి జరిపాడు. బంతి పోయింది. చప్పుడు. అవతలివాళ్ళ బంతి. చప్పుడు. "మూడు వేళ్ళు పైకి." పెట్టాడు. రెప్పల వెనక ఎర్రగా, దీపాల వేడి. భార్య చూస్తూ ఉంటుంది, ఈయనేంటి కళ్ళు మూసుకున్నాడు, దండం పెట్టుకుంటున్నాడా అనుకుంటుంది, ఇంటికెళ్ళాక అందరికీ అలాగే చెబుతుంది, మా ఆయన తమ్ముడి కోసం కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడని. వద్దు. ఇంకొక్క మంచిమాట తన మీద పడితే మోయలేడు. "బావా." కళ్ళు తెరవలేదు. "బావా, ఆఖరి బంతి." తలూపాడు. గడియారం ముల్లు వినబడుతోంది, లేదా అది తన గుండె. వాడు కొలుచుకుంటున్నాడు, ఊపిరి తెలుస్తోంది, ముక్కులోంచి సన్నగా. తర్వాత, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, "కుడికి ఒక వేలు" అన్నాడు. మేస్త్రి వేలు పెట్టాడు. ఒక్క వేలు. ఆ ఒక్క వేలంత దూరం జరపడానికి ఆరు నెలలు పట్టినట్టనిపించింది. చెయ్యి తీసేశాడు. బంతి జారింది, నేల మీద పడింది, దొర్లుతూ, దొర్లుతూ, దేనికీ తగలకుండా దొర్లుతూ ఆగిపోయింది. ఏ చప్పుడూ రాలేదు. కొద్దిసేపటికి వీపు వెనక అవతలి ఆటగాడి తండ్రి, "గెలిచావు నాన్నా!" అని గట్టిగా అరిచాడు.

కళ్ళు తెరిచేసరికి బావమరిది నవ్వుతున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు, కాదు, నవ్వే.

"అడుగు దూరంలో పోయింది బావా. అడుగు! చూడు, తిరిగి చూడు."

మేస్త్రి తిరిగాడు. నీలం బంతి దారి తప్పిన మనిషిలా ఒంటరిగా, తెల్లదాన్ని దాటి చాలా దూరంలో ఉంది. చెత్త బంతి. చూసేవాడెవడైనా తప్పించగలిగేది.

"ఇది నేను పోగొట్టుకున్నదే" అన్నాడు వాడు. గొంతులో ఏదో తృప్తి ఉంది. "పూర్తిగా నాదే."

మేస్త్రి చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "చిన్నోడా, అప్పుడు ఎంపికలో..."

"ఒక వేలన్నాను. రెండు జరిపావు."

పంకాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరో బంతులు ఏరుతున్నారు. మేస్త్రి స్టూలు మీదే ఉండిపోయాడు. "తెలుసా నీకు?"

"నీ వేలు నాకు తెలియదా బావా? నువ్వు జరిపినప్పుడే తెలుసు. తల ఎత్తకుండా ఉంటే సరిపోయేది. రిఫరీని పిలిచి, మా బావ తప్పు జరిపాడు, సరిచేస్తాను అంటే సరిపోయేది. అనలేదు. నాకూ గెలవాలనే ఉంది. ఎంత ఉందో నీకు తెలీదు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "తర్వాత నువ్వు చెబుతావని నేను చూశాను. నేనడుగుతానని నువ్వు చూశావు. ఇద్దరం భలే దొంగలం."

"క్షమించరా" అన్నాడు మేస్త్రి. మాట బయటికి వచ్చాక అది ఎంత చిన్నదో తెలిసింది.

"గెలిపించావని కోపం లేదు బావా. ఆ రోజు ఒక వేలు జరిపి ఉంటే నా బంతి ఎక్కడికి పోయేదో ఈరోజుకీ నాకు తెలీదు. ఒరుసుకుని పోయేదేమో. తగిలేదేమో. రోజూ అనుకుంటాను. అది తీసేసుకున్నావు నా దగ్గర్నుంచి. దానికి కోపం." వాడి కళ్ళజోడు జారింది. అలవాటుగా చెయ్యి ముందుకెళ్ళింది, మధ్యలో ఆగింది. "సరిచెయ్యి, పర్లేదు" అన్నాడు వాడు. సరిచేశాడు. "ఇప్పుడు ఆ రిఫరీల బల్ల దగ్గరికి తీసుకెళ్ళు. నువ్వు చేసింది నువ్వు చెప్పు. నేను ఊరుకున్నది నేను చెబుతాను."

బల్ల హాలు చివర ఉంది. వెనక నుంచి కుర్చీ తోస్తూ నడిచినంత దూరం మేస్త్రికి ఒకటే ఆలోచన, ఇరవై ఇళ్ళు. గోడ మీద ఫొటో. అత్తగారి ఫోన్. ఒక్కొక్కటీ తలుపు వేసుకుంటున్న చప్పుడు. భయమేసింది, భయం కింద ఎక్కడో ఒంట్లో ముల్లు తీసేముందు పట్టే చెమటలాంటిది కూడా పట్టింది. ప్రధాన రిఫరీ నడివయసావిడ, ముక్కు చివర కళ్ళద్దాలు, కాగితాల్లో అంకెలు కూడుతోంది. మేస్త్రి చెప్పాడు. నల్ల పలక, అందులో కనబడింది, ఒక వేలు, రెండు వేళ్ళు, ఎదుటి అమ్మాయి. మొత్తం చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆరు నెలల బరువు అంత తక్కువ మాటల్లో సరిపోతుందని అనుకోలేదు.

ఆవిడ కలం పక్కన పెట్టింది. "ఎవరైనా ఫిర్యాదు చేశారా మీ మీద?"

"లేదు మేడమ్."

"ఇది రాసుకుంటే ఆ ఫలితం కొట్టేస్తారు. మిమ్మల్ని మళ్ళీ ఆ గడిలో కూర్చోనివ్వరు. బహుశా ఎప్పటికీ."

"తెలుసండీ."

అప్పుడు బావమరిది మాట్లాడాడు. మైకు లేదు, హాల్లో పక్క ఆట తాలూకు చప్పట్లు, వాడి గొంతు బల్ల దాటలేదు. ఆవిడ తల వంచి విని, అర్థంకాక మేస్త్రి వైపు తిరిగింది. "ఏమంటున్నారు ఆయన?"

మేస్త్రికి ప్రతి అక్షరమూ వినబడింది. బంతి వదిలింది నేనే, తెలిసే వదిలాను, అప్పుడిచ్చిన పతకం కుర్చీ వెనక సంచిలో ఉంది, ఆరు నెలలుగా వెళ్ళిన ప్రతిచోటికీ తీసుకెళుతున్నాను, తీసుకోండి, ఆ అమ్మాయికి పంపండి. నాలుక చివర దాకా వచ్చింది, విడమర్చి, ఇంకాస్త మంచిగా, వాడి తప్పు కాస్త తగ్గించి చెప్పడానికి సిద్ధంగా. పళ్ళు బిగించాడు.

"అది ఆయన చెప్పుకోవాల్సిన మాటండీ" అన్నాడు. "కొంచెం దగ్గరికొచ్చి వినండి, ఆయనే చెబుతారు."

ఆవిడ లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, చక్రాల కుర్చీ పక్కన మోకాలు ఆనించి, వాడి నోటి దగ్గరికి చెవి తెచ్చింది. బావమరిది మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు, వినబడనంత దూరం.

మెట్ల మీద భార్య దిగి వస్తోంది, సీసా చంకలో పెట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ, మొహం నిండా ప్రశ్నలతో. ఆమె ఇక్కడి దాకా వచ్చేవరకూ ఆగొచ్చు. ఆగితే తమ్ముడి మొహం చూసి ఆమే సగం తెలుసుకుంటుంది, మిగతా సగం వాడు చెబుతాడు. మేస్త్రి ఆగలేదు. ఎదురెళ్ళి మెట్ల దగ్గరే ఆమెను కలిశాడు.

"ఓడిపోయామా?" అంది.

"ఓడిపోయాం. నేను చెప్పాల్సింది అది కాదు" అన్నాడు. "ఇలా కూర్చో."